మా వదిన నోరు మూసుకున్న పదహారు రోజులు

మా వదిన కుదురుగా కుర్చీలో కూర్చోగా నేను చూసింది తక్కువ. కూర్చున్నా అంచు మీదే కూర్చుంటుంది. అన్నం తింటూ లేచి కిటికీ మూస్తుంది, కిటికీ మూస్తూ పక్కింటావిడతో కబుర్లు మొదలుపెడుతుంది, మాట మధ్యలో పొయ్యి మీద పాలు గుర్తొచ్చి పరిగెడుతుంది. మా అన్నయ్య ఆవిడకి పెట్టిన పేరు బొంగరం. పెళ్లయిన వారానికే పెట్టాడు. ముప్పై ఏడేళ్లయింది, ఇంకా తిరుగుతూనే ఉంది.

ఉద్యోగం కూడా దానికి తగ్గట్టే దొరికింది. ముప్పై రెండేళ్లు బస్టాండులో విచారణ కిటికీ వెనక పనిచేసింది. ఎవరైనా వంగి "అమ్మా, పొద్దున..." అనగానే "ఆరూ పదికి, మూడో ప్లాట్‌ఫారం, ముందు సీట్లు దొరకవు" అనేది. నూటికి తొంభైసార్లు అది సరిపోయేది. ఒకసారి ఒకాయన "అమ్మా, పొద్దున మా ఆవిడ..." అన్నాడట. వదిన ఆయనకి బస్సు టైము చెప్పి పంపించేసింది. అరగంట తర్వాత ఆయన తిరిగొచ్చి, పొద్దున తన భార్య అక్కడ గొడుగు మర్చిపోయిందని మొత్తుకున్నాడు. అప్పటికి గొడుగు ఎవరో పట్టుకుపోయారు. ఆ కథ చెప్పుకుని మేం ఎన్నిసార్లు పడీపడీ నవ్వామో లెక్కలేదు. అందులో అంత నవ్వాల్సిందేమీ లేదని నాకు తర్వాత తెలిసింది.

రిటైరయ్యాక మూడు నెలలు మా ప్రాణాలు తోడేసింది. నేను దర్జీని. ఇంటి ముందు గదే నా కొట్టు. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకి దారాల డబ్బాలు. పెళ్లి అచ్చిరాక అన్నయ్య పంచన చేరినదాన్ని, ఆ గది ఒక్కటే నా రాజ్యం. నేను లేని పూట చూసి వదిన ఆ దారాలన్నీ రంగుల వరసలో సర్దింది. తెల్ల దారం వెతుక్కోవడానికి నాకు గంట పట్టింది.

"వదినా, నువ్వు ఏదో ఒక పని చూసుకో. లేకపోతే నేను ఇల్లొదిలి పోతా."

"పోవే కత్తెరా, నీ నోటికి జడిసేవాళ్లెవరూ లేరిక్కడ" అంది. నా వృత్తికీ నా నోటికీ కలిపి ఆవిడ పెట్టిన పేరది.

చివరికి ఆ పని నావల్లే దొరికింది. ప్రతి మంగళవారం నేను ఆసుపత్రి లాండ్రీకి వెళ్తాను. చిరిగిన డాక్టరు కోట్లు, ఊడిన గుండీలు, అంచులు విడిపోయిన దుప్పట్లు అక్కడే కూర్చుని బాగు చేసి వస్తాను. ఒక మంగళవారం మూట మోయడానికి వదినని వెంటబెట్టుకెళ్లాను. గోడ మీద ఏదో నోటీసు అంటించి ఉంది. దాని ముందు ఆడవాళ్లు ఆరుగురు నిలబడి, అందులో ఏముందో చెప్పమని గేటు దగ్గర గార్డుని బతిమాలుతున్నారు. ఆయన టీ తాగి చెప్తానంటున్నాడు. మా వదిన అది చూసి ఊరుకునే మనిషా? బస్టాండు మైకులో చదివినట్టు నోటీసంతా గడగడా చదివేసింది. షిఫ్టు టైములు మారాయని అందులో ఉంది. ఇదివరకు ఒకసారి అలాగే మారితే, తెలియక ఇద్దరికి ఒక పూట జీతం పోయిందట.

మరుసటి వారానికల్లా అక్కడ బడి మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఒంటిగంటా నలభై దాకా, వాళ్ల భోజనం వేళలో, ఉతికిన దుప్పట్లు పేర్చే గదిలో. జీతం లేదు, భత్యం లేదు. మెషిన్లు ఆగకూడదు, దుప్పట్ల మీద సుద్ద పొడి పడకూడదు అని లాండ్రీ మేనేజరు రెండే షరతులు పెట్టాడు. వదిన తలాడించి, ఆయన వాక్యం పూర్తయ్యేలోపే గదిలోకి వెళ్లిపోయింది.

ఆ ఆరుగురిలో ఒకావిడ ఇస్త్రీ అక్క. యాభై దాటిన మనిషి. ఇరవై ఆరేళ్లుగా చేతి ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడింది. కుడి భుజం ఎడమదానికంటే లావు, ఎడమ మణికట్టు మీద పాత కాలిన మచ్చ. కాలరు అరిగిన తీరు చూసి అది ఏ డాక్టరు కోటో చెప్పేది, దాని మీద కుట్టిన పేరు వైపు కన్నెత్తి చూసేది కాదు. కళ్లు మసకబారి వాచ్‌మన్ పని మానేసిన మొగుడు ఇంట్లో ఉన్నాడు. సంపాదించేది తనొక్కతే.

వదిన పాఠం చెప్పే పద్ధతి కూడా విచారణ కిటికీ పద్ధతే. ముందు తను ఒకసారి చదివేది. తర్వాత వాళ్లని చదవమనేది. ఎవరైనా ఒక మాట దగ్గర ఆగితే, వాళ్లు ఊపిరి తీసుకునేలోపే ఆ మాట తనే అందించేది. ఎవరైనా నిశ్శబ్దంగా ఉంటే మా వదినకి ఒళ్లంతా జెర్రులు పాకుతాయి. అది సాయం చేయడమనే అనుకుంది, పాపం.

ఇస్త్రీ అక్క మాత్రం ఎక్కడా ఆగేది కాదు. నాలుగు నెలలు తిరిగేసరికి వాచకం మొదటినుంచి చివరిదాకా నీళ్లు తాగినంత సులువుగా చదివేసేది. వదిన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంటికొచ్చి అన్నయ్యకి చెప్పేది, కూరగాయలమ్మేవాడికి చెప్పేది, నా కొట్టుకి కొలతలివ్వడానికి వచ్చినవాళ్లకీ చెప్పేది.

నేను మూలన కూర్చుని గుండీలు కుట్టుకుంటూ ఒకటి గమనించాను. ఇస్త్రీ అక్క వేలు పుస్తకం మీద ఉండేది, కళ్లు మాత్రం వదిన మొహం మీద ఉండేవి. కుట్టు వంకర పోతే ముందు నా కంటికే కనబడుతుంది, ఇదీ అలాగే కనబడింది. అయినా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఇల్లు ప్రశాంతంగా ఉంది, నా దారాలు నేను పెట్టినచోట ఉంటున్నాయి. అంతే. ఇంతకంటే మంచి కారణం ఉందని ఇప్పుడు చెప్పుకోలేను.

ఇంతలో లాండ్రీలో పెద్ద మార్పు వచ్చిపడింది. ఇస్త్రీకి రోలరు మెషిను తెస్తున్నారని, వచ్చే ఒకటో తారీఖు నుంచి చేతి ఇస్త్రీ బల్లలు తీసేస్తున్నారని మేనేజరు చెప్పాడు. అక్కడ పనిచేసేవాళ్లు వెళ్లిపోవాల్సిందే. బట్టలు విడదీసే బల్ల దగ్గర మాత్రం ఒక్క ఖాళీ ఉంది. దానికి చదువు రావాలి.

ఎందుకంటే, ఒక్కో వార్డు నుంచి మాసిన బట్టలు సంచుల్లో వస్తాయి. ప్రతి సంచికీ ఒక చీటీ కట్టి ఉంటుంది. ఏ వార్డు, ఎన్ని దుప్పట్లు, ఎన్ని తువ్వాళ్లు అని రాసి, కింద నర్సు ఇంకో మాట రాస్తుంది. రక్తం మరకలున్నాయనో, విడిగా ఉతకాలనో, సంచి విప్పకుండా వేడినీళ్లలో వేయాలనో. ఆ కింది మాట చూసుకోకుండా సంచి విప్పితే, అంటురోగాల వార్డు దుప్పటి వెళ్లి పసిపిల్లల దుప్పట్లలో కలుస్తుంది.

వదిన ఆ సాయంత్రమే కాగితం తీసి, ఇస్త్రీ అక్క ధారాళంగా చదవగలదని, తనది పూచీ అని రాసి సంతకం పెట్టి మేనేజరుకి ఇచ్చేసింది. ఆయన సరేనన్నాడు. ఇస్త్రీ అక్క వదిన చేతులు పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో సంతోషం కంటే భయమే ఎక్కువుందని నాకనిపించింది.

ఆ తర్వాతి మంగళవారం వదినకి జలుబు చేసింది. ఆసుపత్రి కదా, తుమ్ములతో వస్తే గార్డు లోపలికి రానివ్వడు. మూతికి మాస్కు కట్టుకుని వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది కాబట్టి ఆ రోజు ముందుగా తను చదవలేదు, నేరుగా ఇస్త్రీ అక్కనే చదవమంది. అది కూడా వాచకం కాదు. గోడ మీద ఆ ఉదయమే అంటించిన కొత్త నోటీసు.

ఇస్త్రీ అక్క నిలబడింది. వదిన మొహంలోకి చూసింది. మాస్కు కనబడింది. నోటీసు వైపు చూసింది, మళ్లీ మాస్కు వైపు చూసింది. మిగతా ఐదుగురూ తలలు దించుకున్నారు. నా సూది నా వేల్లో దిగింది.

"చదువమ్మా, ఏమైంది?" అంది వదిన.

"ఇవాళ కళ్లు సరిగా లేవు టీచరమ్మా" అంది ఇస్త్రీ అక్క.

అందరూ వెళ్లాక వదిన తలుపు వేసింది. ఇస్త్రీ అక్క దాచలేదు.

"నేను నోరు తెరిచేలోపే మీ పెదాలు కదులుతాయి. వాటి వెనకే నేనూ వచ్చేస్తాను. ఒకసారి విన్నానంటే నాకిక గుర్తుండిపోతుంది."

"మరి అక్షరాలు? అవి కూడా రావా?"

"వచ్చు. ఒక్కొక్కటీ వచ్చు. కలపాలంటేనే టైము పడుతుంది. మీరెప్పుడిచ్చారు టైము?"

నిష్ఠూరంగా అనలేదు, ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది. ఇస్త్రీ అక్క ఇంకా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"కాగితం ఇచ్చేశారుగా, అలాగే ఉండనివ్వండి. బల్ల దగ్గర వాళ్లనీ వీళ్లనీ అడిగి నెట్టుకొచ్చేస్తాను. ఎవరికీ తెలీదు."

ఇంటికొచ్చాక వదిన వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా, వీధి గుమ్మం నుంచి వంటింట్లోకి తిరగడం మొదలుపెట్టింది. అన్నయ్య పేపరు పట్టుకుని పెరట్లోకి తప్పుకున్నాడు.

"నీకు ముందే తెలుసు కదే?" అని అడిగింది నన్ను.

"అనుమానం."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలల్నుంచి."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది.

"ఆవిడ చెప్పినట్టే ఉండనీ వదినా" అన్నాను. "ఈ వయసులో ఆవిడని ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? నువ్వు నోరు విప్పితే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. తెలివైన మనిషి, ఎలాగోలా నెట్టుకొస్తుంది."

"నెట్టుకురాలేనప్పుడు?"

నేను లేచి కొట్లోకి పోబోయాను, గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నేను వినకుండా చెప్పినందుకు అప్పుడు ఒకాయన గొడుగు పోయింది. ఇప్పుడు పోయేది గొడుగు కాదే. పసిపిల్లల వార్డు దుప్పట్లు అవి" అంది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ చెప్పింది నిజం కావడం వల్ల ఇంకా మండింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్లి, తను రాసిచ్చింది తప్పని చెప్పేసింది. తోడుగా నన్ను కూడా లాక్కెళ్లింది.

"రాసిచ్చిందీ మీరే, కాదనేదీ మీరేనా?" అన్నాడాయన. "నాకు వేరే పనులున్నాయమ్మా."

"ఆవిడకి అక్షరాలొచ్చు. నేర్పడం నాకు చేతకాలేదు. ఒకటో తారీఖు దాకా టైమివ్వండి. అప్పుడు మీరే పరీక్ష పెట్టండి, ఎప్పుడూ చూడని చీటీలతో."

ఆయన క్యాలెండరు చూశాడు. ఇరవై రోజులున్నాయి. ఒకటో తారీఖు పొద్దున ఐదు సంచులు పెడతానని, చదివితే ఉంచుతానని, లేకపోతే ఇస్త్రీ బల్లతో పాటే పంపించేస్తానని అన్నాడు. "మీరు మాత్రం ఆ గదిలో ఉండకూడదు" అని కూడా అన్నాడు.

ఈ సంగతి తెలిసి ఇస్త్రీ అక్క బల్ల దగ్గర్నుంచే, పదిమందీ వినేలా అరిచింది. "నమ్మి చెప్పుకుంటే నా పొట్ట కొట్టారు! మీకేం, పింఛను వస్తుంది. కాలక్షేపానికి వస్తారు, పోతారు." వదిన తల వంచుకుని వచ్చేసింది.

నాలుగు రోజులు ఇస్త్రీ అక్క క్లాసుకి రాలేదు. ఆ నాలుగు రోజులూ వదిన మా ఇంట్లో ఫ్యాన్ల రెక్కలు రెండుసార్లు తుడిచింది, పరుపులు మూడుసార్లు దులిపింది. ఐదో రోజు వదిన చేతిలో జల్లెడ పట్టుకుని ఉన్నట్టుండి "పద" అంది. జల్లెడ పక్కన పెట్టించి లాండ్రీకి తీసుకెళ్లేసరికి తాతలు దిగొచ్చారు నాకు.

ఇస్త్రీ అక్క తలెత్తలేదు. కోటు కాలరు మీద నీళ్లు చల్లి, ఇస్త్రీ పెట్టె ఆనించి, ఆపైన కోటు చేతులు ఒకటి తర్వాత ఒకటి చేసుకుంటూ పోతోంది. ఆవిరి లేస్తోంది. వదిన బల్లకి ఇటువైపు నిలబడింది.

"నీకు నేర్పానని ఊరంతా చెప్పుకు తిరిగాను. నేర్పలేదు. తప్పు నాది. ఇంకా పదహారు రోజులున్నాయి. నేను నోరు మూసుకుంటాను, నువ్వు చదువు."

ఇస్త్రీ అక్క కోటు మడత పెట్టి, దాని మీద చెయ్యి వేసి ఉంచింది. "మీరా? నోరు మూసుకోవడమా?" అంది. తర్వాత ఆపుకోలేక నవ్వేసింది. "సరే, అదెలా ఉంటుందో చూడ్డానికైనా వస్తాను."

మొదటి రోజు ఘోరం. వదిన నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత మాట దొర్లిపోయింది. ఇస్త్రీ అక్క కాగితం బల్ల మీద కొట్టింది. "వచ్చేస్తోంది నాకు! నోటి దాకా వచ్చింది! లాగేసుకున్నారు!"

ఆ సాయంత్రం వదిన నా కొట్లోకి వచ్చి మిషను పక్కన నిలబడింది. "ఏం చెయ్యనే? నా నోరు నా మాట వినదు."

నేను కొలతలు సరిచూసేటప్పుడు రెండు గుండుసూదులు పెదాల మధ్య బిగించి పెట్టుకుంటాను. దర్జీలందరికీ ఉన్న అలవాటే. మాట్లాడితే మింగుతాం, అందుకని మాట్లాడం. పెట్టెలోంచి రెండు తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. అనుమానంగా చూసింది, పెట్టుకుంది. ఏదో అనబోయింది, ఆగిపోయింది. ముప్పై ఏడేళ్లలో మా వదిన మాట మధ్యలో ఆగిపోవడం అదే మొదలు. అన్నయ్య గుమ్మంలోంచి చూసి, ఆ సూదులు ఎంతకి దొరుకుతాయని నన్నడిగాడు.

నోరు కట్టుబడింది కానీ మనిషి కట్టుబడలేదు. ఇస్త్రీ అక్క సరైన దారిలో పోతుంటే వదిన కాలు నేల మీద టకటకలాడేది. "ఆ కాలు కూడా" అంది ఇస్త్రీ అక్క. వదిన కాళ్లు మడిచి కూర్చుంది. అప్పుడు కనుబొమ్మలు లేచాయి. "అవి కూడా" అంది. ఆఖరికి ఇస్త్రీ అక్కే కుర్చీ పట్టుకుని, వదిన మొహం దుప్పట్ల దొంతరవైపు తిప్పేసింది. అలా వీపు వైపునుంచి చదువు మొదలైంది.

వాచకం పక్కన పడేశారు. వదిన తొమ్మిది వార్డులూ తిరిగి, నర్సులందరినీ బతిమాలి, తెల్ల కాగితాల మీద తలా ఐదు చీటీలు రాయించుకొచ్చింది. ఒక్కొక్కరిదీ ఒక్కో రాత. కొందరివి ముత్యాలు, కొందరివి కోడి గీరిన గీతలు. రోజూ మధ్యాహ్నం లాండ్రీలో, ఆదివారాలు నా కొట్లో చదివేవాళ్లు.

మొదటి ఆదివారం ఒక్క మాటకి ఇస్త్రీ అక్క నిమిషం పైన తీసుకుంది. నేను మిషను ఆపేశాను. నాకూ ఒకటే ఆత్రం. చదివేస్తే బావుండు, ఎవరో ఒకరు చెప్పేస్తే బావుండు అని. వదిన వేళ్లు కుర్చీ చేతిని పట్టుకుని తెల్లబడ్డాయి. చివరికి "విడిగా" అంది ఇస్త్రీ అక్క. తనే ఇంకోసారి అంది, "విడిగా ఉతకాలి." వెనక్కి తిరిగి చూద్దును కదా, వదిన కళ్లనిండా నీళ్లు. నోట్లో సూదులు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఉపన్యాసం ఇచ్చేది.

పన్నెండో రోజుకి వేగం వచ్చింది. వేగంతో పాటు పాత బుద్ధి కూడా వచ్చింది. ఒక చీటీ తీసి చకచకా "దిండు గలీబులు పన్నెండు" అనేసింది. అంతకుముందు మూడు చీటీల్లోనూ అదే ఉంది మరి. దీంట్లో ఉన్నది తువ్వాళ్లు. వదిన కుర్చీ ఇటు తిప్పుకుని, సూదులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఊహించావు. నేనూ ముప్పై రెండేళ్లు ఊహించే నెట్టుకొచ్చాను, కాబట్టి నాకు తెలిసిపోతుంది. రాకపోతే రాదని చెప్పు. అందులో పరువు తక్కువేం లేదు."

"మీకేం టీచరమ్మా, అనేస్తారు" అంది ఇస్త్రీ అక్క. "పుట్టినప్పట్నుంచి నేను దాచుకుంటూ వచ్చింది ఆ ఒక్క మాటే." ఆ రోజు ఇంకేం చదవకుండానే వెళ్లిపోయింది.

ఒకటో తారీఖు వచ్చింది. పొద్దున ఎనిమిదింటికే వదిన, నేను లాండ్రీ వరండాలో ఉన్నాం. ఆ వేళకి నాకు అక్కడ పనేం లేదు. బట్టలు విడదీసే గది తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల మేనేజరు, ఇస్త్రీ అక్క, ఐదు సంచులు. గోడ పక్కన ఇస్త్రీ బల్లలు అప్పటికే బోర్లించి పెట్టారు, కాళ్లు పైకి ఉన్నాయి.

వదిన వరండా ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తోంది. తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా అడుగు తడబడుతోంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

మొదటి చీటీ చదివింది. నెమ్మదిగా చదివినా తప్పులేదు. రెండోది చదివింది. మూడోదాని దగ్గర చాలాసేపు ఆగింది. మేనేజరు కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది, గడియారం చూసుకుంటున్నాడేమో. వదిన నా చెయ్యి నలిపేసింది. లోపలినుంచి "విప్పకుండా వేడినీళ్లలో వేయాలి" అని వినబడింది. నాలుగోది కూడా అయింది.

ఐదోదాని దగ్గర మాటే లేదు. మెషిన్ల హోరు తప్ప ఇంకేం వినబడలేదు. వదిన తలుపుకి చెవి ఆనించబోయింది. ఆ తలుపు తోసుకుని పోతుందేమోనని నేను భుజం అడ్డుపెట్టాను. ఏదో ఒకటి అనెయ్యి తల్లీ, నీకు అన్నీ గుర్తే కదా, ఏదో ఒకటి అనేస్తే సరిపోవచ్చు అని నా మనసు కొట్టుకుంది. ఇంత జరిగాక కూడా నాకు ఆ బుద్ధే పుట్టింది.

"ఇది నాకు రావట్లేదు సార్" అంది లోపల ఇస్త్రీ అక్క.

"అసలు రావట్లేదా? ఒక్క మాటైనా?"

"పైవన్నీ వచ్చాయి. కింద రాసింది రావట్లేదు."

మేనేజరు కుర్చీ మళ్లీ కిర్రుమంది. తర్వాత కొంచెం మెత్తగా అన్నాడు. "మీ టీచరమ్మ వరండాలోనే ఉంది. కావాలంటే పిలుస్తాను, అడుగుతావా?"

వదిన నా చెయ్యి విడిపించుకుంది. ఒక అడుగు తలుపువైపు వేసింది.

"వద్దు సార్" అంది ఇస్త్రీ అక్క. "రేపు బల్ల దగ్గర ఆవిడ ఉండదుగా. ఈ సంచి విప్పను. పక్కన పెట్టి, వార్డుకి ఫోన్ చేయిస్తాను."

వదిన ఆ అడుగు దగ్గరే ఆగిపోయింది.

చీటీ మేనేజరు తీసుకున్నట్టున్నాడు. కాసేపటికి ఫోన్‌లో ఆయన గొంతు వినిపించింది. ఏ వార్డు, ఏ సంచి, ఏం రాశారమ్మా ఇది, మనుషులు చదవక్కర్లేదా అని కసిరాడు. అవతలివాళ్లు ఏం చెప్పారో మాకు తెలియదు. ఆయన మాత్రం "ఓహో" అన్నాడు. "అలాగా. లేదు లేదు, విప్పలేదు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ సంచిని దేంతోనూ కలపకుండా, అంటురోగాల బట్టలకి పెట్టిన ఎర్ర డబ్బాలో వేయమన్నాడు. ఆవిడని ఆ బల్ల దగ్గర పెట్టి రెండు నెలలు చూస్తానని, తర్వాత సంగతి తర్వాత చెప్తానని కూడా అన్నాడు.

తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ అక్క చేతులకి అప్పుడే రబ్బరు తొడుగులు ఎక్కించుకుంటోంది. ఆవిడ వెనక బల్ల మీద ఇంకో ఇరవై సంచులు వచ్చి పడ్డాయి. మమ్మల్ని చూసింది. దగ్గరికి వచ్చి ఏదైనా అంటుందని ఎదురుచూశాను. ఏడుస్తుందేమో, కాళ్లకి మొక్కుతుందేమో అని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా.

"ఇవాళ క్లాసుకి రాలేను టీచరమ్మా" అంది. "చాలా సంచులున్నాయి."

అని లోపలికి వెళ్లి మొదటి చీటీ చేతిలోకి తీసుకుంది. దాన్ని వెలుతురు వైపు తిప్పి, పెదాలు కదుపుతూ, ఎవరి వైపూ చూడకుండా చదువుకోవడం మొదలుపెట్టింది.

మా వదిన తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడి చూస్తూ ఉండిపోయింది. సంతోషపడింది, ఆ మాట నిజమే. కొంచెం నొచ్చుకుంది కూడా, అదీ నిజమే. రెండూ ఆవిడ మొహంలో నాకు కనబడ్డాయి. పద వదినా పోదాం అన్నాను. ఇంకో చీటీ చదివేదాకా ఉందామంది.